విప్పి చూడని కట్టు

మా వెనక వీధి అమ్మాయికి స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం, మిఠాయి డబ్బా రెండూ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, ముప్పై నాలుగేండ్లు చేసినవ్ గదా, మొదటి రోజు నేనేం జేయాలె, జర చెప్పు" అని అడిగింది.

"మెత్తటి చెప్పులు కొనుక్కో" అన్నాను. పరిహాసమనుకుని నవ్వేసింది. నా మోకాళ్లను అడిగితే అది పరిహాసమో కాదో చెప్పేవి. అయినా ఆ పిల్లకు చెప్పాల్సిన అసలు సంగతి వేరే ఉంది. మిఠాయి తింటూ చెప్పే సంగతి కాదది. అందుకని కూర్చుని రాస్తున్నాను. ఆ పిల్లకే కాదు, ఈ కొలువులోకి వచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు అందరికీ.

నా పేరు సుగుణ. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు సర్కారు దవాఖానల్లో పనిచేశాను. మహబూబాబాద్ అని బోర్డుల మీద రాస్తారు గానీ మాకు అది ఎప్పుడూ మానుకోటే. నేను ఎప్పుడు హెడ్ నర్సునయ్యాను, నా పైన ఎవరు సంతకం పెట్టారు అన్నవి రాయను. అవి నా సర్వీసు పుస్తకంలో ఉన్నాయి, కావాలంటే చెదపురుగులు చదువుకుంటాయి. ఏ సంగతి ఏ దవాఖానలో జరిగిందో కూడా చెప్పను. తప్పు గోడలది కాదు. ఎక్కువ భాగం నాది.

మార్తమ్మ సిస్టర్ చెయ్యి

నేను చేరినప్పుడు మా వార్డుకు పెద్ద మార్తమ్మ సిస్టర్. పొట్టి మనిషి, సోడాబుడ్డి కళ్లద్దాలు, గొంతు మాత్రం రైల్వే స్టేషన్ దాకా వినిపించేది. ఆమె అంటే డాక్టర్లకు కూడా జంకే. ఓసారి ఒకాయన భార్య కాన్పు చూస్తానని లోపలికి దూరి, చూసీ చూడగానే కళ్లు తిరిగి పడిపోయాడు. "ముందు గీ బాలింతను లేపుండ్రి" అని ఆయన్ను చూపించి, తల్లీబిడ్డల పని అయ్యేదాకా అటు తిరిగి చూడలేదు. ఆయన భార్యే నొప్పుల మధ్యలో పకపకా నవ్వింది.

మధ్యాహ్నాలు కాస్త తీరిక దొరికితే కిటికీ దగ్గర ఎండలో కూర్చుని గాజుగుడ్డ ముక్కలు మడిచేవాళ్లం. సూదులు నీళ్లలో మరగబెట్టుకునే రోజులవి. వానాకాలంలో ఎవరో ఒకరి ఇంటి నుంచి మక్క గారెలు వచ్చేవి. బయ్యారం వైపు నుంచి వచ్చినవాళ్ల కాళ్లకు ఎర్రమన్ను అంటుకుని ఉండేది, వార్డు నేలంతా ఎర్రబడేది. ఊడ్చే మల్లమ్మ తిట్టిపోసేది. కాన్పయి వెళ్లినవాళ్లు మళ్లీ టీకాలకు వచ్చేటప్పుడు సీతాఫలాలు ఒడిలో పోసుకుని తెచ్చేవాళ్లు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా ముఖం వెలుగుతుందని మా ఆయన అంటాడు.

మార్తమ్మ సిస్టర్ దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. మా పనిలో డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు వచ్చే నర్సుకు రోగులను అప్పగించాలి. దాన్ని 'ఓవర్' అంటాం. ఆమె ఉన్నన్నాళ్లు ఓవర్ అంటే కుర్చీలో కూర్చుని చెప్పుకోవడం కాదు. ఇద్దరు నర్సులూ ప్రతి మంచం దగ్గరికీ నడవాలి. బాలింత అయితే పొట్ట మీద చెయ్యి పెట్టి చూడాలి.

మా వైపు కాన్పు కాగానే తల్లో అత్తో పాత చీర చింపి, బాలింత నడుముకు నాలుగు వరసలు బిగించి కడతారు. పొట్ట జారకుండా, నడుము పట్టు తప్పకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. తరాలుగా కడుతున్నారు, మా అమ్మ నాకూ కట్టింది. మార్తమ్మ సిస్టర్ ఆ కట్టును తిట్టేది కాదు. మంచం దగ్గరికి రాగానే తానే విప్పేది. నా చెయ్యి తన చేతి కింద పెట్టుకుని బొడ్డు కింద నొక్కేది.

"చూసినవా పిల్లా? గర్భసంచి గిట్ల గట్టిగ తగలాలె, కొబ్బరికాయ తీరు. మెత్తగ తగిలిందనుకో, లోపట రక్తం పోతున్నట్టు. ఇగ ఆగకు, ఉరుకు."

"రిజిస్టర్ల మంచిగున్నదని రాసిండ్రు గదా సిస్టర్?" అని ఓసారి అన్నాను.

"రిజిస్టర్‌కు చేతులున్నయా?" అంది.

చూశాక కట్టు మళ్లీ తానే కట్టేది, తల్లి కంటే నేర్పుగా. నలభై మంచాలకు ఓవర్ అయ్యేసరికి ముప్పావుగంట పట్టేది. ఇంటికి వెళ్లే బస్సు తప్పిపోయేది. లోపల తిట్టుకునేదాన్ని, అబద్ధం ఎందుకు.

మన మాట

ఇంకో ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. నా మొదటి డాక్టరు సారు కోస్తా వైపు మనిషి. నేను రోగులతో "ఏందవ్వా, ఎట్లున్నది?" అంటే ఆయన వెనక నుంచి "ఎట్లున్నదీ" అని సాగదీసి నవ్వేవాడు. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు ఎప్పుడూ దొంగో జోకరో కదా, ఆయన తప్పేముంది లెండి. నేను మూతి ముడుచుకుని వారం రోజులు పుస్తకాల తెలుగు మాట్లాడాను. నాకే నవ్వొచ్చింది.

కానీ ఆయన "నొప్పి ఎక్కడ?" అని అడిగితే ముసలమ్మలు నేల చూసేవాళ్లు. నేను అడిగితే పొద్దున తిన్న గటక దగ్గర నుంచి మొదలుపెట్టేవాళ్లు. నెల తిరక్కుండానే సారు "సుగుణమ్మా, కాస్త ఇటు రండి, ఈమె మీతోనే చెబుతుందట" అని పిలవడం మొదలుపెట్టాడు. బదిలీ అయి వెళ్లేనాడు మా అందరికీ దండం పెట్టి "పోయొస్త" అన్నాడు. మార్తమ్మ సిస్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. పిల్లలూ, మీ మాట చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. రోగి నోరు విప్పేది మీ దగ్గరే.

మనుషులు తక్కువైనప్పుడు

తర్వాత తర్వాత సర్కారు దవాఖానకు కాన్పులు ఎక్కువయ్యాయి. మంచి సంగతే. భూపాలపల్లి వైపు బొగ్గు బావుల వాళ్లు, చెల్పూర్ కరెంటు ప్లాంటు చుట్టుపక్కల కూలికి పోయేవాళ్లు, చిట్యాల వైపు పత్తి రైతులు, అందరూ వస్తున్నారు. వచ్చే జనం పెరిగినంతగా నర్సులు పెరగలేదు. ఒకామె ప్రసూతి సెలవులో ఉంటుంది, ఒకామెను క్యాంపుకు పంపుతారు, ఒకామె కాంట్రాక్టు అయిపోయి ఎదురుచూస్తూ ఉంటుంది. మిగిలిన ఒక్కతి నలభై మంచాల మధ్య బొంగరంలా తిరుగుతుంది.

మనుషులు తక్కువైతే దవాఖానలో ముందు పోయేది మందు కాదు. ఇంజెక్షన్ పోదు, దానికి లెక్క ఉంటుంది, ఇవ్వకపోతే తెలిసిపోతుంది. రాత పోదు, రిజిస్టర్ నిండకపోతే పైవాళ్లు అడుగుతారు. పోయేది చెయ్యి పెట్టి చూడటం. పక్కన రెండు నిమిషాలు నిలబడటం. వాటికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు కనుక అవి పోయినట్టు ఎవరికీ తెలియదు.

నేను హెడ్ నర్సునయ్యేసరికి మా పరిస్థితి అది. మా నర్సు పిల్లలు డ్యూటీ దిగేటప్పుడు కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాళ్లు. ఒకామె ఇంట్లో చంటిపిల్ల పాలకు ఏడుస్తుంటే ఈమె ఇక్కడ మంచం మంచానికీ తిరిగి ఓవర్ ఇవ్వాలి. నాకు జాలేసింది. "ఇగ మంచాల కాడికి పోవద్దు. టేబుల్ కాడ కూసోని రిజిస్టర్ చూసుకుంట ఓవర్ ఇచ్చుకోండ్రి. సీరియస్ కేసులుంటేనే పోయి చూడుండ్రి" అన్నాను.

పిల్లలు నా చేతులు పట్టుకున్నంత పని చేశారు. ముప్పావుగంట పని పది నిమిషాల్లో అయిపోయింది. సుగుణ మేడం మంచిదన్న పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగుండింది, ఎందుకు దాచాలి.

అప్పటి మా సూపరింటెండెంట్ సారు చెడ్డవాడు కాదు. చెప్పకుండా వార్డులోకి వచ్చేవాడు, మంచాల మధ్య నడిచేవాడు. "సిస్టర్, మనుషులు చాలకపోతే రాసివ్వండి, నేను పైకి పంపుతాను" అని రెండుసార్లు అడిగాడు. నేను రాయలేదు. రాస్తే చేతగానిదని అనుకుంటారని భయం. ఎలాగో నెట్టుకొస్తున్నాం కదా అన్న గర్వం. మేం నెట్టుకొస్తున్నంత కాలం పైన కూర్చున్నవాళ్లకు అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. లేని మనుషులను ఉన్నట్టు చూపించింది నేనే.

ఆ మధ్యాహ్నం

రజిత అనే అమ్మాయికి తొలి కాన్పు. ఇరవై ఒక్కేళ్లుంటాయి. పగలు పన్నెండు దాటాక ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. వార్డులోకి తెచ్చాక రజిత తల్లి కొమురవ్వ పాత నేత చీర చింపి నడుముకు కట్టు కట్టింది. కొమురవ్వ వాళ్ల వాడకట్టులో, ఆ నాలుగు వీధుల్లో, బాలింతలకు కట్లు కట్టడంలో, పసిపిల్లలకు నీళ్లు పోయడంలో పేరున్న మనిషి. ఆ కట్టు చూసి పక్క మంచం వాళ్లు "మా బిడ్డకు గూడ కట్టవ్వా" అని అడిగారు.

రెండు గంటలకు డ్యూటీ మారింది. టేబుల్ దగ్గర ఓవర్ అయింది. రిజిస్టర్‌లో రజిత పేరు ఎదురుగా 'బాగుంది' అని ఉంది. పొద్దుటి నర్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నం డ్యూటీ స్వరూపది. కాంట్రాక్టు మీద చేరి ఏడాది కాలేదు, నిదానమైన పిల్ల, సూది వేస్తే చంటిపిల్ల కూడా ఏడ్చేది కాదు. ఒక్కతే ఇంజెక్షన్లు మొదలుపెట్టింది.

మూడున్నర ప్రాంతంలో కొమురవ్వ ఆమె దగ్గరికి వచ్చి, "సిస్టరమ్మా, బిడ్డ పండుకున్నది, పాలియ్యమని లేపితే లేస్తలేదు" అంది. స్వరూప పరుగెత్తింది. రజిత చెయ్యి చల్లగా ఉంది. కట్టు విప్పేసరికి లోపలి వరసలన్నీ తడిసి ఉన్నాయి, కింద పరుపు ముద్దయిపోయింది. పైకి మాత్రం నేత చీర పొడిగా, చక్కగా ఉంది.

నన్ను పిలిచారు, నేను డాక్టరమ్మను పిలిచాను. స్ట్రెచర్ తోసుకుంటూ థియేటర్ వైపు ఉరుకుతుంటే కొమురవ్వ నా కొంగు పట్టుకుంది. "నీ కాల్మొక్త సిస్టరమ్మా, ఏమైంది నా బిడ్డకు?"

అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, నా భయమంతా ఆమె మీద కక్కాను. "ఎవలు కట్టమన్నరే గింత బిగ్గ? నీ బిడ్డను నువ్వే సంపుకుంటున్నవ్!" వార్డంతా విన్నది.

డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. రక్తం తెప్పించారు. చివరికి గర్భసంచి తీసేస్తే గానీ ప్రాణం నిలబడలేదు. రజిత బతికింది. కొమురవ్వ ఆ తర్వాత మనవరాలిని చేతుల్లోకి తీసుకోలేదు. గోడకు ఆనుకుని తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. నేను చూశాను. చూసి నా పని చూసుకున్నాను.

నేను రాయించిన వాక్యం

విచారణకు వస్తారని తెలిసింది. ఓవర్ తీసుకున్నట్టు రిజిస్టర్‌లో సంతకం స్వరూపది కనుక సంజాయిషీ ఆమే ఇవ్వాలి. కాంట్రాక్టు పిల్ల, చిన్న తేడా వచ్చినా ఇంటికి పంపించేస్తారు. ఇంట్లో ఆమె కొలువు మీద నలుగురు బతుకుతున్నారు. నా గదిలో కూర్చోబెట్టి నేనే చెప్పి రాయించాను. 'బంధువులు నడుముకు బిగుతుగా కట్టిన కట్టు వలన రక్తస్రావం బయటకు కనిపించలేదు.'

స్వరూప పెన్ను ఆపింది. "మేడం, కట్టు ఇప్పి చూడాల్సింది మనమే గదా?"

"రాయి" అన్నాను.

"ఓవర్ల చూస్తే దొరుకుతుండె గదా?"

"నీ కొలువు ఉండాల్నా వద్దా? రాయి."

రాసింది. సూపరింటెండెంట్ సారు ఆ కాగితం రెండుసార్లు చదివి నన్ను అడిగాడు. "ఇది నిజమేనా సిస్టర్?"

"నిజమే సార్."

ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. కట్టు బిగుతుగానే ఉంది, రక్తం పైకి కనిపించనూ లేదు. గర్భసంచి ముడుచుకోకపోవడం వల్ల రక్తం పోయింది, కట్టు లేకపోయినా పోయేది, మేం విప్పి చూసి ఉంటే గంటన్నర ముందే దొరికేది అన్నది మాత్రం అందులో లేదు. స్వరూప కొలువు నిలబడింది. నా పేరూ నిలబడింది. వార్డు గోడ మీద 'బాలింతలకు నడుం కట్టు కట్టరాదు' అని కాగితం అంటించారు.

స్వరూప ఇప్పుడు ఇంకో దవాఖానలో పర్మినెంట్. మొన్న ఫోన్‌లో ఈ సంగతి ఎత్తితే, "నేను గప్పుడే అన్న గదా మేడం" అంది, అంతే. ఆమెను కాపాడాననుకున్నాను గానీ, ఆ పిల్లకు నేను నేర్పించింది ఏంటో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అవ్వలకు నేర్పాం

భయం పట్టుకున్నాక మనిషికి బుద్ధి వస్తుంది. మర్నాటి నుంచే మంచాల దగ్గర ఓవర్ మళ్లీ మొదలుపెట్టించాను. పిల్లలు గొణిగారు. మేడంకు ఏమైందని చెవులు కొరుక్కున్నారు. మనుషులు చాలరని ఈసారి కాగితం రాసిచ్చాను కూడా. సారు మాట తప్పకుండా పైకి పంపాడు. ఒక నర్సు వచ్చింది, అదీ చాన్నాళ్లకు.

చేతులు చాలకపోతే ఏం చేయాలి? వార్డు నిండా చేతులే ఉన్నాయి కదా అనిపించింది. ప్రతి బాలింత పక్కనా తల్లో అత్తో ఉంటుంది. వాళ్ల చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టించాను. "అవ్వా, గిది గట్టిగ తగులుతున్నదా? గంట గంటకు నువ్వే చూడు. మెత్తవడితే నన్ను పిలువు. నేను ఏ పనిల ఉన్నా పిలువు, తిట్ట." కట్టు మాత్రం ఇంటికి వెళ్లాక కట్టుకోమన్నాం.

మా వాళ్లకు నెలలు పట్టిన విద్య వాళ్లకు ఒక్క పూటలో వచ్చేసింది. జీవితమంతా రొట్టెల పిండి పిసికిన చేతులు, మెత్తనా గట్టినా అని వాళ్లకు నేను చెప్పాలా! ఓ రోజు పొద్దున మానుకోట వైపు తండా నుంచి కోడలి కాన్పుకు వచ్చిన ఒకావిడ వార్డంతా అదిరేలా అరిచింది. "ఓ సిస్టరో, మెత్తవడ్డది, ఉరికి రా!" ఉరికాం. సమయానికి అందుకున్నాం. ఆ కోడలు నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. ఆ అత్తగారు వెళ్తూ వెళ్తూ నా గడ్డం పట్టుకుని, "నాకు గూడ నౌకరి ఇయ్యి సిస్టరమ్మా" అంది. ఆ రోజంత సంతోషం నా కొలువులో మళ్లీ లేదు.

ఈ పద్ధతి బాగుందని వేరే దవాఖానల వాళ్లు వచ్చి చూశారు. మీటింగులో నాకు శాలువా కప్పారు. ఫోటోలో నేను నవ్వుతున్నాను. ఏ తప్పు నుంచి ఆ పద్ధతి పుట్టిందో ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

పెద్ద కుర్చీల్లో కూర్చోబోయే పిల్లలకు ఒక్క మాట. కింద ఉన్నవాళ్లు ఇబ్బంది లేదంటే నమ్మకండి. నర్సులు తిట్టుకుంటూ పనిచేస్తుంటే ఇంకా ఫరవాలేదు. తిట్టుకోవడం మానేసి చకచకా పని ముగించేస్తున్నారంటే ఏదో వదిలేస్తున్నారని అర్థం. అదేంటో వెళ్లి చూడండి.

కొమురవ్వ ఇల్లు

రిటైర్మెంట్ ఇంకో ఏడాది ఉందనగా, నేను బదిలీ అయిన దవాఖానకు శ్రీలత అనే అమ్మాయి కాన్పుకు వచ్చింది. తొలి కాన్పు. పక్కన అత్త ఉంది, తల్లి లేదు. మా వైపు తొలి కాన్పుకు తల్లి రాకపోవడం అంటే మాటలా! "మీ అమ్మ రాలేదేమే?" అని అడిగాను.

"మా అమ్మ కాన్పులకు రాదు మేడం."

"పాణం బాగలేదా?"

"బాగనే ఉన్నది. నాట్లకు పోతది, కలుపుకు పోతది. బాలింతలను, పసిపిల్లలను మాత్రం ముట్టది. ఎనిమిదేండ్ల కింద మా అక్క రజితకు గర్భసంచి తీసేసిరి. నేనే కట్టు బిగ్గ కట్టి నా బిడ్డ కడుపు కొట్టిన అంటది. అంతకుముందు మా వాడకట్టుల ఎవరికి పిల్లలైనా మా అమ్మనే పిలుస్తుండిరి. ఎవరో పెద్ద సిస్టర్ చెప్పిందట, నీ బిడ్డను నువ్వే సంపుకుంటున్నవని. గప్పటి సంది గిట్లనే."

ఆ పెద్ద సిస్టర్ ఎవరో ఆ పిల్లకు తెలియదు. నేను ఆమె చేతికి సెలైన్ పెడుతున్నాను. సూది పక్కనున్న నర్సు చేతికిచ్చి పెట్టమన్నాను.

ఎనిమిదేళ్లలో నేను కొమురవ్వను తలుచుకోలేదని కాదు. తలుచుకున్నప్పుడల్లా, మరిచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. శ్రీలతకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను తల్లిగారింటికి తీసుకెళ్లారని తెలిశాక, ఆదివారం పొద్దున బస్సెక్కాను.

రేకుల ఇల్లు, ముందు చిన్న వాకిలి. పక్కింటావిడ కాళ్లు చాపుకుని కూర్చుని, వాటి మీద పసిదాన్ని పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. శ్రీలత గడపలో కూర్చుని చూస్తోంది. కొమురవ్వ దూరంగా, అటు తిరిగి, మిరపకాయల తొడిమెలు తీస్తోంది. పిల్ల ఏడిస్తే ఆమె వీపు కదులుతోంది గానీ తల తిప్పడం లేదు.

నన్ను చూడగానే గుర్తుపట్టింది. "పెద్ద సిస్టరమ్మవు గదా" అని లేచి, లోపల నుంచి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు తాగబుద్ధి కాలేదు. చెంబు పక్కన పెట్టి చెప్పాను.

"అవ్వా, నీ కట్టుతోని ఏం గాలే. కట్టు కట్టకున్నా రక్తం పోతుండె. గర్భసంచి ముడుసుకోలే, గంతే. కట్టు ఇప్పి చూసుడు మా పని. మేము చూడలే. చూడకున్నా నడుస్తదని మావోళ్లకు చెప్పింది నేనే. తప్పు నాది. తెచ్చి నీ మీద ఏసిన."

కొమురవ్వ ఇంకో రెండు కాయల తొడిమెలు తీసింది. "గా రోజే తెలుసా నీకు?"

"తెలుసు అవ్వా."

"మరి గీ మాట గప్పుడే చెప్తే నీకేం పోతుండె?"

"కొలువు పోతదని భయమైంది."

ఆమె లేచి నిలబడింది. కారపు చేతులు కొంగుకు తుడుచుకోలేదు. "ఎనిమిదేండ్లు. రజిత రమ్మంటే పోలే. దాని మొఖం చూడనీకి నాకు మొఖం లేకపాయె. దాని అత్త 'మీ అవ్వనే నీ కడుపు కాల్చింది' అని తిడుతుంటే, నిజమే గదా అని తల వంచుకున్న. నీ కొలువు నీకు మిగిలింది. నాకేం మిగిలిందే?"

ఏడ్చాను. ఏడిస్తే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"నువ్వు ఏడ్వకు. లే. నాకు చెప్తే అయిపాయెనా? రజిత కాడికి పో. దాని అత్త ముంగట నిలవడి చెప్పు. గీ మాటలే చెప్పు."

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. రజిత కూతురు తన బడి బట్టలు ఆరేస్తోంది. రజిత అత్త ముందు, ఇరుగుపొరుగు నలుగురు ముందు అవే మాటలు చెప్పాను. అత్త నోటికొచ్చినట్టు తిట్టింది, తిట్టనిచ్చాను. రజిత తిట్టలేదు. "మా అమ్మకు చెప్పినవా?" అని మాత్రం అడిగింది. చెప్పానన్నాను. అంతే, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ సోమవారం జరిగిందంతా కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. జవాబు రాలేదు.

పది పన్నెండు రోజులకు శ్రీలత ఫోన్ చేసింది.

"మేడం, మా అక్క వచ్చింది. ఇయ్యాల పొద్దుగాల మా అమ్మ పసిదానికి నీళ్లు పోసింది. చేతులు ముంగటికి రాకుంటే అక్క పక్కన కూసొని పట్టుకున్నది."

ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"అమ్మ మీకు ఫోన్ చేసి చెప్పుమన్నది మేడం."

"ఇంకేమన్నది బిడ్డా?"

"మల్ల మా ఇంటికి రావద్దన్నది."

"సరే" అన్నాను. మళ్లీ వెళ్లలేదు.